స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఫిజియోథెరపీ మానేయొచ్చా?

బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన మీ తమ్ముడికి 8 నెలలైనా కుడి చెయ్యి లేవట్లేదని, స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిస్తే ఇక ఫిజియో అక్కర్లేదని క్లినిక్‌వాళ్లు 6 లక్షలు అడిగారని రాశారు. డబ్బు కట్టకండి అండీ.

ఎక్కించిన కణాలు చాలావరకు కొత్త నరాలుగా మారవు. పెరుగుదలకు తోడ్పడే పదార్థాలు వదిలి, మిగిలిన నరాలు కొత్త దారులు వెతుక్కునేలా చేస్తాయి. ఆ దారులు గట్టిపడాలంటే పదేపదే కదిలించాల్సిందే. అందుకే ఎలుకల మీద కణాలనూ వ్యాయామాన్నీ కలిపి పరీక్షిస్తున్నారు. ఫిజియో మానేయమన్నారంటేనే అనుమానించాలి!

జపాన్ 2024లో ఇలాంటి దెబ్బలకు ఒక కణ చికిత్సకు షరతులతో అనుమతిచ్చింది. అది సెలైన్‌లా ఎక్కించేది కాదు, ఆపరేషన్ చేసి నేరుగా మెదడులో పెట్టేది. మన దగ్గర ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి కణ చికిత్సలు క్లినికల్ ట్రయల్‌లోనే (మనుషుల మీద పద్ధతిగా చేసే పరీక్షలోనే) ఇవ్వాలి, పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో ఇలాంటి ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ నంబర్ ఎంతో ఆ క్లినిక్‌వాళ్లను అడగండి, నీళ్లు నములుతారు.

ఈలోగా గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటి పనులు ఆ చేత్తోనే రోజూ చేయించండి. విసుక్కుంటాడు, పట్టించుకోకండి. తలనొప్పి, కళ్లు తిరగడం ఎక్కువైతే మాత్రం ఆపి డాక్టర్‌కి చెప్పండి.