ఎగువ నీటి శాంపిల్ లేకుండా కోళ్ల ఫారం మీద కేసు నిలవదు

ప్రశ్న: దేవరకొండ వైపు డిండి వాగు ఒడ్డున మా పొలం. ఎగువన కోళ్ల ఫారం ఉంది. ఎరువు వాగు గట్టునే కుప్పలు పోస్తారు, షెడ్లు కడిగిన నీళ్లు వాగులోకే వదులుతారు. 2023 ఆగస్టు వానల నుంచి మా బావి నీళ్లు కంపు కొడుతున్నాయి. కుంటలో చేపలు తేలాయి, పాడి గేదె చనిపోయింది. అడగబోతే యజమాని నలుగురిలో అవమానించాడు. నేనే సీసాలో నీళ్లు పట్టి పరీక్ష చేయిస్తే నైట్రేట్ ఎక్కువగా ఉందని, ఈ-కొలి అనే బ్యాక్టీరియా ఉందని వచ్చింది. ఈసారి సీసాలో కాస్త ఎరువు నీళ్లు కలిపితే రిపోర్టు గట్టిగా ఉంటుందని మా బావమరిది అంటున్నాడు. పరిహారం వస్తుందా? రిపోర్టు, పాస్ పుస్తకం నకళ్లు జతచేశాను.
– ఒక రైతు

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా ఆ యజమాని అన్న మాటలే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టండి, కేసుకు పనికిరావు. కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద. వాగు నీరు ఫారం దాటకముందు ఎలా ఉంది, దాటాక ఎలా ఉంది? దీనికి మీ దగ్గర జవాబు లేదు.

మీ రిపోర్టు బావి గురించి చెబుతుంది, ఫారం గురించి చెప్పదు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు, 100 మిల్లీలీటర్లలో ఈ-కొలి అసలు కనిపించరాదు. మీ బావి రెండింటిలోనూ తప్పింది, నిజమే. కానీ అవతలి వకీలు ఊరుకోడు. నైట్రేట్ యూరియా చల్లిన ఏ చేను నుంచైనా దిగుతుందంటాడు. ఈ-కొలి గేదె పేగుల్లోనూ మనిషి పేగుల్లోనూ ఉంటుందంటాడు. ఎగువన ఊరు లేదా, మందలు లేవా అని అడుగుతాడు. ఆయన చేతికి ఆయుధం మీరే ఇచ్చారు. నిరుడు వేసవిలో అదే ఫారం నుంచి రెండు ట్రాక్టర్ల ఎరువు కొని బావి పక్కనే పోయించానని ఉత్తరం చివర రాశారు. అదీ వానలు పడేదాకా కప్పకుండా! ఎదుటివాడి కుప్ప మీద కేసు వేయబోతూ మన కుప్పను బావి గట్టున పెట్టుకుంటామా? ముందు దాన్ని దూరంగా మిట్ట మీదికి మార్చి టార్పాలిన్ కప్పండి. అయితే కోర్టు దగ్గర దాచవద్దు. నీరు చెడింది 2023లో, మీ కుప్ప వచ్చింది ఆ తర్వాత. ఈ వరుసే మిమ్మల్ని కాపాడుతుంది, 2023 నాటి రుజువు ఉంటేనే. ఫోనులో అప్పటి ఫొటోలు, పంచాయతీకి ఇచ్చిన అర్జీ, ఏమున్నా వెతకండి.

గేదెకు పోస్టుమార్టం చేయించకుండా పూడ్చేశారు. ఆ పద్దు మీద ఆశ పెట్టుకోవద్దు. చేపల సంగతి వేరు. నత్రజని, భాస్వరం చేరిన కుంటలో నాచు విపరీతంగా పెరిగి, రాత్రంతా నీటిలోని ప్రాణవాయువును వాడేస్తుంది. అందుకే అలాంటి చోట చేపలు తెల్లవారుజామున తేలతాయి. మీరు చూసింది ఏ వేళ, ఏ తేదీ, పక్కన ఎవరున్నారు? ఒక్కటీ రాయలేదు. చూసినవారి చేత ఇప్పుడైనా రాయించి సంతకాలు తీసుకోండి.

ఇక ఆ సీసా. కూల్‌డ్రింకు సీసాలో పట్టి, మర్నాడు బస్సులో తీసుకెళ్లి ఇచ్చానన్నారు. బ్యాక్టీరియా పరీక్షకు క్రిమిరహితమైన సీసా కావాలి, మంచుపెట్టెలో పెట్టాలి, 24 గంటల లోపే పరీక్ష మొదలవ్వాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 21వ సెక్షన్ ఇంకా కఠినం. ఫారం వదిలే నీటి శాంపిల్‌ను కాలుష్య నియంత్రణ మండలి తరఫున తీయాలి. ఫారం వారికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, వారి ఎదుట రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలతో ల్యాబుకు పంపాలి. ఈ వరుస తప్పితే ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ సాక్ష్య చట్టం నియమాలకు కట్టుబడదు కాబట్టి మీ రిపోర్టు పూర్తిగా చిత్తు కాగితం కాదు. తనిఖీకి రమ్మని అడగడానికి పనికొస్తుంది, అంతవరకే.

మీ బావమరిది సలహా విన్నారో, అంతా పోతుంది. దొంగ సాక్ష్యం పుట్టించి న్యాయ విచారణలో వాడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. మండలి తీసిన శాంపిల్‌కూ మీ సీసాకూ పొంతన కుదరని రోజున ఆ యజమాని ఫిర్యాదుదారు అవుతాడు, మీరు ముద్దాయి అవుతారు. మీ బావమరిదిని ఈ మాట మళ్లీ ఎత్తనివ్వకండి.

గడువు చూడండి. హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వివాదం వేయడానికి ఆరు నెలలే గడువు, అదీ కారణం మొదటిసారి తలెత్తిన నాటి నుంచి. మీకు అది ఎప్పుడో దాటింది. ఏటా వాన పడినప్పుడల్లా కొత్త గడువు మొదలవుతుందన్న వాదన మీద బతకవద్దు. 15వ సెక్షన్ కింద పరిహారానికి, చెడిన నీటిని బాగుచేయించడానికి ఐదేళ్లు ఉంది. అంటే మీకు 2028 ఆగస్టు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. దానికోసం ఆఖరి నెల దాకా ఆగవద్దు.

ఈలోగా నల్లగొండలోని మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకే రోజు మూడు చోట్ల శాంపిల్ తీయమని అందులో స్పష్టంగా రాయండి: ఫారానికి ఎగువన, ఫారం నీరు వాగులో కలిసేచోట, దిగువన మీ పొలం దగ్గర. వాగు పారుతున్నప్పుడే ఇది సాధ్యం, కాబట్టి తొలకరికి ముందే అర్జీ చేరాలి. ఫారానికి మండలి అనుమతి ఉందా, ఏ షరతుల మీద ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. షరతులు మీరితే ఫారం మూయించే, కరెంటు తీయించే అధికారం ఆ 1974 నీటి చట్టం 33ఎ సెక్షన్ కింద మండలికే ఉంది. గట్టు మీది కుప్పలు తీయించడానికి నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓకు వేరుగా అర్జీ పెట్టండి.

చివరగా, మీరు చూడని సంగతి ఒకటి. పాస్ పుస్తకంలో ఉన్నది మీ పేరు కాదు, మీ భార్య పేరు. ఆస్తి నష్టానికి పరిహారం అడగవలసింది ఆ ఆస్తి యజమాని, కాబట్టి దరఖాస్తు ఆమె పేరనే వెళ్లాలి, సంతకం ఆమెదే ఉండాలి. ఇందులో మీకు లాభమే ఉంది. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఆమెను వెంటబెట్టుకుని నల్లగొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ట్రిబ్యునల్ ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, కనీసం వెయ్యి రూపాయలు. అవమానానికి కూడా కలిపి పెద్ద అంకె వేయకుండా, బిల్లు చూపగలిగిన నష్టానికే లెక్క కట్టండి.