సంతకం పెట్టిన ఆటగాడు మధ్యలో బెట్టు చేయడం న్యాయమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కోట్ల డాలర్లకు సంతకం పెట్టిన ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగు) ఆటగాడు, తీరా సీజన్ దగ్గర పడ్డాక శిక్షణ శిబిరానికి రాకుండా ఇంట్లో కూర్చుని ఇంకా కావాలని పట్టుబట్టడం మాట తప్పడం కాదా అని. 2018లో పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు నేనూ ఇదే మాట అన్నాను, మీకన్నా ఘాటుగానే అన్నాను. ఆ బెట్టు వల్ల నష్టపోయినవాళ్లలో నేనూ ఒకడిని మరి.

మా ఆఫీసులో పదిమందిమి కలిసి ఏటా ఫ్యాంటసీ లీగు ఆడేవాళ్లం. నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాం. వాళ్లు మైదానంలో పరుగెత్తిన గజాలు మన ఖాతాలో పాయింట్లుగా పడతాయి. ఆ ఏడాది రెండో వంతు నాది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడిగా ఆడే లెవియాన్ బెల్‌ను తీసుకున్నాను. అప్పటికే అతడు శిబిరానికి రావడం లేదు. అయినా అంతకుముందు ఏడాదీ శిబిరం ఎగ్గొట్టి, సరిగ్గా సీజన్ ముందు వచ్చి 1,291 గజాలు పరుగెత్తాడు కదా, ఇప్పుడూ వస్తాడులే అనుకున్నాను. టెస్టింగ్ బృందంలోని ఒకామె చివరి వంతుల్లో బెల్ లేనప్పుడు అతడి బదులు ఆడే జేమ్స్ కానర్ అనే కుర్రాడిని తీసుకుంటే నవ్వాను కూడా.

నిజానికి నాకు జులై చివర్లోనే తెలిసి ఉండాల్సింది. ఒక శనివారం పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి, అక్కడి నుంచి అటే తూర్పుగా లట్రోబ్‌కు వెళ్లాం. అక్కడి సెయింట్ విన్సెంట్ కాలేజీ మైదానంలో స్టీలర్స్ శిబిరం జరుగుతుంది. చూడటానికి ఎవరైనా వెళ్లవచ్చు. గడ్డి వాలు మీద దుప్పటి పరుచుకుని, గుడిలో పెట్టిన పులిహోర తింటూ కూర్చున్నాం. మా వాడు ఇరవై ఆరో నంబరు బెల్ ఎక్కడ నాన్నా, ఎక్కడ నాన్నా అని అరగంట ప్రాణం తీశాడు. రేపు వస్తాడురా అని చెప్పాను. ఆ రేపు రాలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. బెల్ విషయంలో మాట తప్పడం అన్నదే లేదు, ఎందుకంటే అతడు 2018లో దేని మీదా సంతకం పెట్టలేదు. ఈ సంగతి నాకు అక్టోబరు దాకా తెలియదు. తెలియకుండానే నెల రోజులు తిట్టాను.

అతడి మీద పడింది ఫ్రాంచైజీ ట్యాగ్. ఒప్పందం ముగిసిన ఆటగాడు మామూలుగా ఏ జట్టుతోనైనా బేరం కుదుర్చుకోవచ్చు. కానీ ప్రతి జట్టూ ఏటా ఒక ఆటగాడి మీద ఈ ట్యాగ్ వేసి, మరో ఏడాది తన దగ్గరే కట్టి పడేసుకోవచ్చు. అందుకు ఇచ్చే జీతానికి ఒక లెక్క ఉంది: ఆ స్థానంలో అత్యధికంగా అందుకునే ఐదుగురి సగటు, లేదా ఆటగాడి నిరుటి జీతానికి 120 శాతం, ఏది ఎక్కువైతే అది. బెల్‌కు 2017లో వేసిన ట్యాగ్ 1.21 కోట్ల డాలర్లు. 2018లో మళ్లీ వేశారు, 1.45 కోట్లు. అప్పటి 17 వారాల సీజన్‌లో వారానికి 8 లక్షల 55 వేలు. అంత డబ్బు కాదన్నాడా అని మీరు నోరు తెరుస్తారు. నేనూ తెరిచాను.

అయితే అది ఒక్క ఏడాది డబ్బు. ట్యాగ్ పడ్డ ఆటగాడితో దీర్ఘకాలిక ఒప్పందం చేసుకోవడానికి జులై మధ్య వరకే గడువు. ఆ ఏడాది అది జులై 16. అది దాటాక జట్టు మనసు మార్చుకున్నా ఆ సీజన్‌కు ఒక్క ఏడాది కన్నా ఎక్కువ ఇవ్వలేదు. కాబట్టి సెప్టెంబరులో బెల్ ఇంట్లో కూర్చున్నది స్టీలర్స్ చేత ఇంకో రూపాయి కక్కించడానికి కాదు. ఒళ్లు దాచుకోవడానికి. 2017లో అతడు 406 సార్లు బంతి అందుకున్నాడు, లీగు మొత్తంలో అదే అత్యధికం. బంతి అందుకున్న దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి గుద్దుతారు. 2015లో ఒకసారి మోకాలు పోయింది కూడా. మరో ఏడాది అలా అరిగిపోయి, ఆ తర్వాత మోకాలు పట్టుకుని బజారులో నిలబడితే కొనేవాడెవడు?

జులైలో స్టీలర్స్ ఇవ్వజూపింది ఐదేళ్లకు 7 కోట్లు అని అప్పట్లో వార్తలు వచ్చాయి. అందులో పూర్తి గ్యారంటీ ఉన్నది కోటి మాత్రమేనని కూడా అవే వార్తలు చెప్పాయి. ఈ ఆటలో ఒప్పందాల కీలకం ఇక్కడే ఉంది. బేస్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో రాసుకున్న డబ్బు చాలావరకు వచ్చి తీరుతుంది. ఎన్ఎఫ్ఎల్‌లో పత్రికలు పతాక శీర్షికలో వేసే అంకె వేరు, చేతికొచ్చే అంకె వేరు. గ్యారంటీ అని రాసినంత వరకే ఖాయం. మిగిలిన ఏళ్ల జీతం, జట్టు ఉంచుకుంటేనే. మూడో ఏడు నచ్చకపోతే ఒక మంగళవారం పిలిచి పొమ్మంటారు, నాలుగు, అయిదో ఏళ్ల డబ్బు గాలికి పోతుంది. జట్టు అలా చేస్తే దాన్ని ఎవరూ మాట తప్పడం అనరు. వ్యాపారం అంటారు.

ఇది నాకు కొత్త సంగతేమీ కాదని అప్పుడే గుర్తొచ్చింది. అమెరికా వచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీ కాగితం మీద సంతకం పెట్టాను. ఏడాదిలోపు నేను మానేస్తే కొన్ని వేల డాలర్లు కట్టాలి. వాళ్లు నన్ను తీసేయాలనుకుంటే రెండు వారాల ముందు చెబితే చాలు. ఆ కాగితం ఇప్పటికీ పాత ఫైలులో ఉంది. నాకు అప్పుడు బెట్టు చేసే ధైర్యం లేదు, నా వెనుక వరుసలో నాలాంటివాళ్లు రెండు వందల మంది ఉన్నారు. ఈ వెనుక వరుస సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

బెల్ భయం ఉత్త భయమేనా అనుకుంటే, అదే సీజన్‌లో సియాటిల్ ఆటగాడు ఎర్ల్ థామస్‌ను చూడండి. అతడూ కొత్త ఒప్పందం కోసం శిబిరానికి రాలేదు. చివరికి పట్టు విడిచి మొదటి వారానికి వచ్చి ఆడాడు. నాలుగో వారం అరిజోనాలో కాలు విరిగింది. బండి మీద మైదానం బయటికి తీసుకెళ్తుంటే ప్రత్యర్థుల వైపు కాదు, తన సొంత జట్టు బెంచి వైపు మధ్యవేలు చూపించాడు. ఆ దృశ్యాన్ని మా లంచ్ గదిలో టీవీలో చూశాం. అప్పటిదాకా బెల్‌ను తిడుతున్న గది ఒక్క నిమిషం చప్పుడు లేకుండా అయిపోయింది. తర్వాత మళ్లీ తిట్టారనుకోండి.

అదే వేసవిలో మరో బెట్టు గెలిచింది. లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో ప్రత్యర్థి దాడిని అడ్డుకునే డిఫెన్సివ్ టాకిల్ ఆరన్ డొనాల్డ్ శిబిరానికి రాలేదు. ఆగస్టు 31న ఆరేళ్లకు 13.5 కోట్లు రాయించుకుని వెళ్లాడు. అతడు చదివింది మన గుడి ఉన్న పెన్‌హిల్స్ హైస్కూల్లోనే. పిట్స్‌బర్గ్‌లో అతడిని ఒక్కరూ దురాశాపరుడు అనలేదు, మన ఊరి కుర్రాడు సాధించాడన్నారు. బెల్ అడిగితే దురాశ! జనం నీతి ఇంత సుళువుగా జట్టు చొక్కా రంగుతో మారుతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఒకరు గెలిచి మరొకరు ఎందుకు ఓడారంటే, ఇందాక చెప్పిన వెనుక వరుస. డొనాల్డ్ వెనుక ఎవరూ లేరు. అంతకుముందు ఏడాదే లీగులో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా ఎంపికైనవాడు అతడు. బెల్ వెనుక జేమ్స్ కానర్ ఉన్నాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోనే ఆడినవాడు, 2015లో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చి, నయమై తిరిగొచ్చినవాడు. మొదటి మ్యాచ్‌లోనే క్లీవ్‌ల్యాండ్ మీద 135 గజాలు, రెండు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం). కానర్ ఏడాది మూలవేతనం బెల్‌కు రావలసిన ఒక్క వారం చెక్కు కన్నా తక్కువ. ఈ ఒక్క లెక్క చాలు, రన్నింగ్ బ్యాక్‌లకు ఎందుకు బేరం కుదరదో చెప్పడానికి. 1993లో ఎమిట్ స్మిత్ ఇదే స్థానంలో ఆడుతూ గెలిచాడన్నది నిజమే. అతడు లేక డల్లాస్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది, యజమాని దిగివచ్చి నాలుగేళ్లకు 1.36 కోట్లు ఇచ్చాడు, ఆ ఏడాది కప్పూ గెలిచారు. కానర్ మొదటి మ్యాచ్‌లోనే తడబడి ఉంటే బెల్ కథ ఏమయ్యేదో.

మా టీమ్ లీడ్ అరవై దాటిన మనిషి. అతడి తండ్రి, తాత ఇద్దరూ హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లులో పనిచేశారు. 1892లో కార్నెగీ కంపెనీ పిలిపించిన పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ మనుషులతో సమ్మె కార్మికులు తుపాకులతో తలపడ్డ మిల్లు అది. అలాంటి ఇంటివాడు పనివాడి పక్షం వహిస్తాడని నేను అనుకున్నాను. రెండో వారం సోమవారం అతడు తన బెల్ చొక్కా వీపు మీద పేరుకు తెల్లటి మాస్కింగ్ టేపు అంటించి, నల్ల మార్కరుతో కానర్ అని రాసుకుని వచ్చాడు. కానర్‌ది ముప్పయ్యో నంబరు. టేపు కింద 26 అలాగే ఉంది, చూడటానికి తప్పుడు చిరునామా రాసిన ఉత్తరంలా ఉంది. ఏమిటండీ ఇది, మీరు యూనియన్ వాళ్లు కదా అన్నాను. అతడు కాఫీ కలుపుకుంటూ అన్నాడు: "మా నాన్న సమ్మెకు దిగితే మిల్లు మొత్తం దిగేది. ఇతడు ఒక్కడే దిగాడు."

ఆ మాటలో సగం నిజం ఉంది. బెల్‌కు దారి చేస్తూ ముందు నిలబడి దెబ్బలు తినే లైన్‌మెన్ పత్రికల ముందే అతడిని ఏకిపారేశారు. రామన్ ఫాస్టర్ అయితే నాకు వచ్చేదానికి ఏడు రెట్లు తీసుకునేవాడు అన్నాడు. నవంబరు 13 సాయంత్రం నాలుగు గంటలకు ట్యాగ్ మీద సంతకానికి ఆఖరి గడువు దాటింది. మర్నాడు సహచరులు బెల్ లాకర్ మీద పడి బూట్లూ బట్టలూ పంచుకుపోయారు. ఆ వీడియో చూసి నవ్వాను గాని లోపల ఏదో ఇబ్బందిగా అనిపించింది.

మిగతా సగం ఏమిటంటే, అందరూ కలిసి దిగడం ఈ ఆటలో ఎప్పుడో ప్రయత్నించి చూశారు. 1987లో ఆటగాళ్లు సమ్మె చేస్తే యజమానులు బయటి నుంచి ఎవరెవరినో తెచ్చి మూడు వారాలు మ్యాచ్‌లు ఆడించారు. సమ్మె నాలుగు వారాలు కూడా నిలవలేదు. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి, 1993లో ఒప్పందం ముగిసినవాడు కోరిన జట్టుకు వెళ్లే హక్కు సంపాదించారు. దానికి బదులుగా యజమానులు పెట్టిన మెలికే ఈ ఫ్రాంచైజీ ట్యాగ్. అంటే బెల్ మెడకు పడ్డ తాడు, పాత సమ్మె బేరంలో పేనినదే.

ఆ తర్వాత బెల్‌కు న్యూయార్క్ జెట్స్ జట్టు నాలుగేళ్లకు 5.25 కోట్లు రాసింది. మొదటి ఏడాది 789 గజాలు, బంతికి సగటున 3.2 మాత్రమే. 2020 అక్టోబరులో వదిలేసింది. చేజారిన 1.45 కోట్లు తిరిగి ఎప్పటికీ రాలేదు. అందుకని అతడిది తెలివితక్కువ పని అనేవాళ్లున్నారు. లెక్క తప్పాడనే నేనూ అంటాను, కానీ అన్యాయం చేశాడని మాత్రం ఇప్పుడు అనను.

2020లో ఆటగాళ్ల యూనియనూ లీగూ కుదుర్చుకున్న ఒప్పందంతో ఈ పద్ధతి చాలావరకు మారింది. చెల్లుబాటులో ఉన్న ఒప్పందం పెట్టుకుని శిబిరానికి రానివాడికి రోజుకు 50 వేల డాలర్ల జరిమానా. తొలి ఒప్పందంలో ఉన్న కుర్రాళ్ల సంగతి వేరు గాని, మిగతావాళ్లకు జట్టు దయతలచి మాఫీ చేయడానికి కూడా వీల్లేదు. దాంతో ఆటగాళ్లు కొత్త ఉపాయం కనిపెట్టారు. శిబిరానికి వస్తారు, హాజరు వేయించుకుంటారు, వ్యాయామం చేస్తారు. జట్టు సాధనలో మాత్రం దిగరు. మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకు ఇంట్లోనే ఉంటాడు, కబుర్లు చెబుతాడు, అడిగింది ఇచ్చేదాకా దిగడు. అదే ఇది. 2021లో స్టీలర్స్‌లోనే టీజే వాట్ అలా అలిగి, సీజన్ తొలి ఆదివారానికి మూడు రోజుల ముందు నాలుగేళ్లకు 11.2 కోట్లు తీసుకున్నాడు, అందులో 8 కోట్లు గ్యారంటీ. మా టీమ్ లీడ్ ఆ రోజు అభినందనల ఈమెయిల్ పంపాడు. చొక్కాకు టేపు అంటించిన మనిషే!

ఇకమీదట ఇలాంటి వార్త చదివినప్పుడు ముందు అతడు సంతకం పెట్టిన ఒప్పందంలో ఉన్నాడా, ట్యాగ్ కింద ఉన్నాడా చూడండి. తర్వాత అతడి వెనుక వరుసలో ఎవరున్నారో చూడండి. తిట్టాలో వద్దో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

అన్నట్టు ఆ ఫ్యాంటసీ లీగులో నాది తొమ్మిదో స్థానం. కానర్‌ను తీసుకున్నామె గెలిచి, పందెం డబ్బుతో అందరికీ పిజ్జాలు తెప్పించింది. నా ముక్క మీద కారం ఎక్కువ వేయించినట్టుంది, అడగలేదు.