సుంకాలు తగ్గితే షేర్లు కొనమంటున్నారు, కొననా?

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మాకు నాలుగెకరాల రొయ్యల చెరువులున్నాయి. ఈసారి పట్టుబడి అయ్యాక బాకీలు పోను ఎనిమిది లక్షలు మిగిలాయి. పక్కనే రెండు చెరువులు లీజుకొస్తున్నాయి, పోయినేడు లీజుకు చేసినాయన బాగుపడ్డాడు కూడా. మా బావమరిదేమో అమెరికా సుంకాలు తగ్గుతాయి, రొయ్యల ఎగుమతి కంపెనీల షేర్లు ఇప్పుడే కొను అంటాడు. రాత్రి టీవీలో ట్రంప్ ఏమన్నాడో చూసి పొద్దున్నే మనసు మార్చుకుంటున్నాను. టెన్షన్‌గా ఉంది.
- ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ఆ టీవీ కట్టేయండి. 2025లో ఏమైందో చూశారుగా. ఏప్రిల్ 2న మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నారు, వారం తిరిగేసరికి 10 శాతం ఉంచి మిగతాది 90 రోజులు ఆపారు, ఆగస్టు 7 నుంచి 25 శాతం వేశారు, అదే నెల 27 నుంచి రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25. రొయ్యల మీద ఎప్పటినుంచో ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ వేసేది) వీటికి అదనం. ఏప్రిల్ చివర్లో సీడు వదిలిన రైతు ఆగస్టు చివర్లో వల వేసేసరికి లెక్కంతా మారిపోయింది. దీన్ని ముందే పసిగట్టగలనని మీ బావమరిది అనుకుంటే ఆయన ధైర్యానికి దండం.

అసలు మీరు అమెరికా మీద ఇప్పటికే పందెం కాసే ఉన్నారు. మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. సుంకాలు తగ్గితే సొంత చెరువుల మీదే మీకు లాభం వస్తుంది, దానికి షేర్లెందుకు? పెరిగితే సొంత చెరువు, లీజు చెరువు, షేర్లు మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వస్తే ఇక చెప్పక్కర్లేదు.

పోయినేడు లీజుకు చేసినాయన చెరువులకు రోగం రాలేదు, రేటు నిలబడింది, అందుకే మిగిలింది. ఆయన ఆలోచించి చేశాడో, కలిసొచ్చిందో మనకు తెలీదు. కిలోకు యాభై రూపాయలు పడిపోయినా లీజు, మేత, కరెంటు బాకీలు తీరతాయా, కాగితం మీద వేసుకోండి. తీరవంటే ఆ చెరువుల జోలికి పోవద్దు.

వచ్చే పంట ఖర్చు ముందు బ్యాంకులో వేయండి. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంది, కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టండి. ఆరేడేళ్లు అక్కర్లేని డబ్బంటూ మిగిలితే ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని కంపెనీలన్నిట్లో డబ్బు పెట్టే ఫండ్) నెలనెలా వేసుకోండి, అందులో రొయ్యలతో సంబంధం లేని కంపెనీలే ఎక్కువ.

ప్రశ్న: యుద్ధం వార్తలొచ్చిన రోజున మార్కెట్ బాగా ఊగుతుంది కదా, అప్పుడు ఆప్షన్స్ (ఫలానా ధరకు తర్వాత కొనే లేదా అమ్మే హక్కులు) కొంటే?
- డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: వార్త మీ దాకా వచ్చేసరికే ప్రీమియం, అంటే ఆ ఆప్షన్ ధర, పెరిగిపోయి ఉంటుంది. మీరనుకున్న వైపే మార్కెట్ వెళ్లినా, ఊగడం తగ్గగానే ప్రీమియం జారి నష్టం రావచ్చు. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే 2024లో లెక్క చెప్పింది. అయినా చేస్తానంటే మీ ఇష్టం, కాలేజీ ఫీజు డబ్బుతో మాత్రం వద్దు.