బాలింతకి పుస్తకం ఎందుకు అంటారు

అడిగినావిడకి ఇప్పుడు ఏడో నెలట. పిల్ల పుట్టాక సరదాగా చదువుకోవడం కుదురుతుందా, ఒక ఆరొందల పేజీల నవల ఇప్పుడే కొని పెట్టుకోనా అని ప్రశ్న.

కుదురుతుందండీ. టైం అసలు సమస్యే కాదు. పుట్టిన కొత్తలో పిల్ల రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారి ఇరవై నిమిషాలు, అరగంట. లెక్కేసుకోండి, దగ్గర దగ్గర నాలుగు గంటలు గోడకి ఆనుకుని కూర్చోవడమే మన పని. ఒక చెయ్యి ఖాళీ. ఇంకేం కావాలి? అడ్డం పడేది ఇంట్లో మనుషులు.

నేను పురిటికి తెనాలిలో మా అమ్మ దగ్గరకి వెళ్ళాను. చెవుల్లో దూది, తలకి గుడ్డ, సాంబ్రాణి పొగ, పథ్యం కూర, అన్నిటికీ సరేనన్నాను. పుస్తకం దగ్గరే గొడవొచ్చింది. "బాలింత చదివితే కళ్ళు పోతాయే" అని మా అమ్మమ్మ నా పుస్తకం తీసి బీరువా మీద పెట్టేసేది. ఆపరేషన్ కుట్లతో చెయ్యెత్తి తీసుకోలేనని ఆవిడకి తెలుసు. ఫోన్ చూస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. పాప ఫొటో వాట్సాప్‌లో పెట్టావా అని వాళ్ళే అడుగుతారు. ఫోన్‌కి పోని కళ్ళు పుస్తకానికే పోతాయా? మా ఆయన శనివారం హైదరాబాద్ నుంచి వచ్చి పేపరు పట్టుకుని బాత్రూంలోకి వెళ్తే ముప్పావుగంట. ఆయన కళ్ళ గురించి ఏ ఒక్కరికీ బెంగ లేదు. నా సైటు అప్పుడు మైనస్ 2, ఇప్పుడూ అంతే. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

రెండో నెలలో పాపకి రోజూ సాయంత్రం గుక్కపట్టి ఏడుపు. ఒకరోజు నాకొచ్చిన జోలపాటలన్నీ అయిపోయి, విసుగొచ్చి, చేతిలో ఉన్న డిటెక్టివ్ నవలే జోలపాట రాగంలో పైకి చదివాను. ఠక్కున ఏడుపు ఆపి నా నోటి వంక చూసింది. ఆ వయసు పిల్లలకి జానెడు, మూరెడు దూరంలో ఉన్న మొహమే బాగా కనిపిస్తుంది. ఆ మొహం కదులుతూ, గొంతు వినిపిస్తూ ఉంటే చాలు, మాట ఏదైతేనేం. ఇక రోజూ అదే మందు.

ఒక ఆదివారం మా అత్తగారి వైపు పెద్దవాళ్ళు నలుగురు చెప్పకుండా పాపని చూడ్డానికి వచ్చారు. గది తలుపు వేసుంది, నాకు తెలీదు. లోపల నేను మాంచి రాగం తీసి "శవం చేతిలోనా సగం కాలిన ఉత్తరమూ... ఇన్‌స్పెక్టరు తలుపు విరగ్గొట్టేనూ... ళొళొళొ హాయీ" అంటున్నాను. హాల్లో కాఫీ తాగేవాళ్ళు ఆగిపోయారట. మా అత్తగారి అక్క మెల్లగా "వదినగారూ, అమ్మాయి రాత్రుళ్ళు నిద్రపోతోందా?" అని మా అమ్మని అడిగింది. ఆ సాయంత్రం పాపతో పాటు నాకూ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీశారు. అమ్మమ్మ మాత్రం "చదివితే చదివావు, పసిపిల్ల దగ్గర శవాలేంటే!" అంది. అంటే చదవడానికి పర్మిషన్ వచ్చినట్టే కదా. అప్పట్నుంచి పైకి చదివేవి రాజుగారి కథలు, హత్యలన్నీ మనసులో.

ఇంకో మాట. చంటిపిల్లతో చదవలేరని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆఫీసులో చేరాక చదవలేరని ఒక్కరూ చెప్పరు. నా 26 వారాల సెలవులో పద్నాలుగు పుస్తకాలు చదివాను. ఉద్యోగంలో చేరాక ఎనిమిది నెలల్లో రెండు, అందులో ఒకటి వంటల పుస్తకం.

మీరు కొనాల్సింది పలచటి కథల సంపుటాలు, అది కూడా పాతపుస్తకాల షాపులో. పాలు కక్కినా ప్రాణం ఉసూరుమనదు. కథ నాలుగైదు పేజీల్లో అయిపోవాలి, లేకపోతే మళ్ళీ తీసేసరికి ఎవరు ఎవరి అన్నగారో గుర్తుండదు. ఆ లావుపాటి నవల ఇప్పుడు వద్దు. నేనూ అలాంటిదే కొన్నాను. ఒంటిచేత్తో పట్టుకుంటే జారి పాప మొహం మీద పడబోయింది, మూసేసి పక్కన పెట్టాను. 14 వారాల టీకా రోజు కార్డు కనబడక ఇల్లంతా తిరగేశాం, అందరూ తలో మాటా అన్నారు. నెల తర్వాత ఆ నవల్లోనే దొరికింది, 43వ పేజీలో.