మెడికోల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో ఏడాది. ఈమధ్యే వార్డు పోస్టింగులు మొదలయ్యాయి. ప్లీహం (పొట్టలో ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్) పెరిగిన పేషెంటు ఒకాయన ఉంటే మా బ్యాచ్‌లో పదిమందీ వరసగా పొట్ట నొక్కి చూశారు. ఆయన మొహం చిట్లిస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు. ఇలాగైతే నేర్చుకునేదెట్లా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ చెయ్యి ఆగడమే సరైనదమ్మా. పదిమంది నొక్కితే నొప్పి ఒక్కటే కాదు, బాగా పెరిగిన ప్లీహం గట్టి ఒత్తిడికి చిట్లే ప్రమాదమూ ఉంది. రోజుకు ఇద్దరు ముగ్గురు చూసి మిగతావారికి చెప్పండి. మర్నాడు వంతు మార్చుకోండి.

మంచం దగ్గరికి వెళ్ళేముందు భోజనమో, డ్రెస్సింగో ఉందేమో సిస్టర్‌ని అడగండి. ఆయన్ని "ఆరో బెడ్డు" అనకండి, పేరుతో పలకరించండి. "నేనింకా డాక్టర్ని కాలేదండీ, చదువుకుంటున్నాను. మీ పొట్ట చూడొచ్చా? వద్దంటే వెళ్ళిపోతాను, మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అని చెప్పండి. ఆ చివరి మాట మాత్రం మరవొద్దు. సర్కారు ఆసుపత్రిలో చాలామంది, కాదంటే మందులు ఆపేస్తారేమోనన్న భయంతో ఊరుకుంటారు. అది ఒప్పుకోవడం కాదు.

తెర లాగండి, నడుం కింద దుప్పటి కప్పండి. హ్యాండ్ రబ్‌తో 20-30 సెకన్లు చేతులు రుద్దుకుని, ఆరి వెచ్చబడ్డాకే తాకండి. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, ఇక లోపల ఏదీ అందదు. నొప్పి ఎక్కడో ముందే అడిగి ఆ చోటు చివరికి ఉంచండి. కుడి పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి, ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఎడమ పక్కటెముకల వైపు జరగండి. చూపు పొట్ట మీద కాదు, మొహం మీద ఉండాలి. అయ్యాక చొక్కా సర్ది, ఆయనకో నమస్కారం పెట్టి రండి.

మగపిల్లలు ఆడ పేషెంటును చూసేటప్పుడు పక్కన సిస్టరో, ఆమె తరఫు స్త్రీయో ఉండి తీరాలి. ఇంకొకటి, మంచం పక్కన కేసు చర్చించుకునేటప్పుడు ఇంగ్లీషే కదా అని ధీమాగా ఉండకండి. క్యాన్సర్, హెచ్ఐవీ అన్న మాటలు తెలియనివారు లేరు.

ప్రశ్న: ఓ కేసు ఫోటో డౌటు అడగడానికి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పేరు చెరిపేశాను. అయినా తప్పేనా?

జవాబు: తప్పే. పచ్చబొట్టు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), స్కానింగ్ మూలనున్న తేదీ, వీటిలో ఏదైనా మనిషిని పట్టిచ్చేస్తుంది. గ్రూపులోంచి తీసేసినా ఈలోపు ఎవరి ఫోన్లో చేరిందో చెప్పలేం. హెచ్ఐవీ ఉన్నవారి సంగతైతే, రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టమే నిషేధించింది. వెంటనే తొలగించండి, మిగతావారితో కూడా తీసేయించండి, యూనిట్ చీఫ్‌కి మీరే చెప్పండి. డౌటు తీరాలంటే కాగితం మీద బొమ్మ గీసుకుంటే చాలు. ఫోటో తప్పనిసరైతే సమ్మతి పత్రం, చీఫ్ అనుమతి రెండూ ఉండాలి.

ప్రశ్న: స్నేహితుడు తాను రాని రోజు ప్రాక్సీ (తన బదులు హాజరు) వేయమంటున్నాడు. కాదనలేకపోతున్నాను.

జవాబు: థియరీకి 75, ప్రాక్టికల్స్, క్లినికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. ఇవాళ రాని మనిషిని వచ్చినట్టు రాసిన చేతికి, రేపు కొలవని బీపీని 120/80 అని కేస్ షీట్‌లో రాయడం పెద్ద పనిగా అనిపించదు. ఆ అంకె చూసే మందు డోసు నిర్ణయిస్తారు. పోయిన పోస్టింగును మరో బ్యాచ్‌తో పూర్తి చేసుకునే వీలుందేమో డిపార్ట్‌మెంట్‌లో అడగమనండి. అడగడానికి తోడు కావాలంటే మీరు వెళ్ళండి.