చూడి మేక మేత మానేసింది, మరో రెండు ఈసుకుపోయాయి.. ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటి వెనక కొట్టంలో ఆరు మేకలు, ఒక పోతు పెంచుకుంటున్నాం. పోతును ఈ ఏడాదే సంతలో కొన్నాం. ఈ మధ్య రెండు మేకలు నాలుగో నెల దాటాక ఈసుకుపోయాయి (నెలలు నిండకుండానే కడుపు పోయింది). ఒకదానికి మాయ పడకపోతే నేనే చేత్తో లాగేశాను. ఇప్పుడు పెద్ద మేక ఇంకో రెండు వారాల్లో ఈనాలి. కడుపు చూస్తే కవలలే అనిపిస్తోంది. నిన్న పొద్దుటి నుంచి మేత ముట్టడం లేదు, పళ్లు కొరుకుతూ పడుకునే ఉంటోంది. అజీర్తి అనుకుని వాము కషాయం పోశాం, గుణం కనిపించలేదు. మా కోడలు ఆరో నెల గర్భిణి. మేకల పని ఎక్కువగా తనే చూస్తుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: అమ్మా, ముందు పెద్ద మేక సంగతి చూడండి. ఇది చదివిన వెంటనే 1962కి ఫోన్ చేసి, చూడి మేక మేత మానేసి పడిపోయిందని చెప్పండి. సంచార పశువైద్య వాహనం రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఆటోలో ఎక్కించుకుని దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. రేపు చూద్దాం అనుకోవద్దు. ఈ స్థితిలో ఒక్క రోజు ఆలస్యమైనా మేక దక్కకపోవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు అజీర్తివి కావనిపిస్తోంది. మేక చూడి కాలం సుమారు 150 రోజులు. కడుపులో పిల్లల ఎదుగుదలలో ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. కవలలు ఉంటే గర్భసంచి పెరిగి పొట్టను నొక్కేస్తుంది. బలం ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే మేక తక్కువ తినగలుగుతుందన్నమాట. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటుంది. అది మితిమీరితే కాలేయం కొవ్వుతో నిండిపోయి, రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాలు) పెరుగుతాయి. దీన్ని ప్రెగ్నెన్సీ టాక్సీమియా అంటాం. మొదట మందకు దూరంగా నిలబడుతుంది, దాణా వదిలేస్తుంది, పళ్లు కొరుకుతుంది. తర్వాత చూపు మందగించి, తల గోడకు ఆనించి నిలబడుతుంది. చివరికి లేవలేదు. మరీ చిక్కిన మేకలకీ వస్తుంది, బాగా కొవ్వెక్కిన మేకలకీ వస్తుంది.

షుగర్ రోగులు వాడే మూత్రం కీటోన్ స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి. మేకను మెల్లగా లేపితే సాధారణంగా లేచిన వెంటనే మూత్రం పోస్తుంది, ఆ మూత్రంలో స్ట్రిప్పు ముంచి చూడండి. రంగు బాగా మారితే ఆ విషయం డాక్టరుకు చెప్పండి. కాల్షియం తగ్గినా మేక ఇలాగే పడిపోతుంది కాబట్టి ఆయన రెండూ ఆలోచిస్తారు. నరానికి గ్లూకోజు, కాల్షియం ఎక్కించి, నోటి ద్వారా బలాన్నిచ్చే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం ఇస్తారు. మన ఊళ్లలో బెల్లం నీళ్లు పోయడం అలవాటు. కానీ ఆ తీపిని పొట్టలోని సూక్ష్మజీవులే ముందు వాడేసుకుంటాయి, మేకకు అందేది తక్కువ. ఎక్కువ పోస్తే పొట్ట పులుస్తుంది కూడా. పడుకున్న మేకకు తల ఎత్తి పట్టుకుని కషాయాలు పోయడం మాత్రం వెంటనే ఆపేయండి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

వైద్యానికి లొంగకపోతే ఈతను ముందే రప్పించడమో, ఆపరేషన్ చేసి పిల్లలను తీయడమో చేయాల్సి వస్తుంది. రెండు వారాల ముందు పుట్టిన పిల్లలు బతకడం కష్టం. అయినా డాక్టరు ఆ మాట అంటే ఒప్పుకోండి. తల్లి దక్కితే మళ్లీ ఈనుతుంది. పిల్లల కోసం ఆగితే మూడూ పోయే ప్రమాదం ఉంది.

ఇక ఈసుకుపోయిన రెండింటి గురించి. ఒక మేక ఈసుకుపోతే పోట్లాటలో కుమ్ము తగిలిందనో, ఇరుకు తలుపులో నలిగిందనో అనుకోవచ్చు. చూడిదని చెప్పకుండా వేయించిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల కూడా అలా జరుగుతుంది. వరుసగా రెండు, అదీ ఒకే దశలో పోయాయంటే, కాదని తేలేదాకా అంటువ్యాధి అనే అనుకోవాలి. ఇలా ఈసుకుపోయేలా చేసే క్లమీడియా, టాక్సోప్లాస్మా లాంటి క్రిములు ఉన్నాయి, పారుడు రోగం వచ్చిన మందలోనూ చూడి మేకలు ఈసుకుపోతాయి. నాకు ఎక్కువ అనుమానం ఈసుడు రోగం మీదే, అంటే బ్రూసెల్లోసిస్. నాలుగో నెల తర్వాత ఈసుకుపోవడం, మాయ నిలిచిపోవడం దాని తీరు. సంతలో కొన్న పోతుతో వచ్చి ఉండొచ్చు, వృషణాలు వాచాయేమో చూడండి. పోతుతో సహా అన్నిటికీ రక్తం తీయించి, జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికి పంపమని డాక్టరును అడగండి. ఇకపై ఏదైనా ఈసుకుపోతే పిండాన్ని, మాయను పారేయకుండా గ్లౌజులతో తీసి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి, ఐసులో పెట్టి డాక్టరుకు అందేలా చూడండి. పరీక్షకు అవసరం లేదంటే లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, కుక్కలు లాగకూడదు.

ఈ జబ్బు మనుషులకూ వస్తుంది. అందుకే ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది మీ చేతులు, మీ కోడలు. వట్టి చేతులతో మాయ లాగారు కాబట్టి మీరు మనుషుల డాక్టరు దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. వచ్చి పోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు దీని లక్షణాలు. అవి వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత కూడా మొదలవుతాయి. మన దగ్గర ఈ జ్వరాన్ని టైఫాయిడ్ అనుకుని నెలల తరబడి మందులు వాడేవాళ్లు ఉన్నారు. ఇంట్లో మేకలు ఉన్నాయని, ఈసుకుపోయాయని మీరే చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు. తేలితే సాధారణంగా రెండు రకాల మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

మీ కోడలు ఈ రోజు నుంచి కొట్టంలోకి వెళ్లకూడదు. పాలు పితకడం, పేడ ఎత్తడం, ఈతకు సాయం పట్టడం, ఏదీ వద్దు. బ్రూసెల్లా, క్లమీడియా రెండూ గర్భం మీద దెబ్బ కొట్టగలవు. తనకు పరీక్ష చేసే గైనకాలజిస్టుకు ఈ సంగతంతా చెప్పండి, తనకు ఇచ్చే మందులు వేరుగా ఉంటాయి. పాలు పొంగేదాకా కాచకుండా ఎవరూ తాగొద్దు. డెంగీ జ్వరం వస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాలు అడిగి తీసుకెళ్లేవాళ్లు మీ ఇంటికీ వస్తుండవచ్చు. దయచేసి ఇవ్వకండి.

ఈసుకుపోయిన మేకలను రిపోర్టు వచ్చేదాకా వేరే చోట కట్టేయండి. వాటి స్రావాల్లో, పాలల్లో క్రిములు చాలా రోజులు వస్తుంటాయి. పోతును ఏ మేక మీదికీ వదలకండి, పక్కింటివాళ్లు అడిగినా ఇవ్వకండి. సంతలో అమ్మేయమని చాలామంది సలహా ఇస్తారు. మీ ఇంటికి ఈ కష్టం బహుశా అలాగే వచ్చింది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా వేసేది 4 నుంచి 8 నెలల ఆవు, గేదె పెయ్యలకే, కాబట్టి మేకల విషయంలో పరీక్షే మనకు దిక్కు.

మిగిలిన వాటిలో చూడివి ఉంటే నాలుగో నెల నుంచి పచ్చిమేతకు తోడు మొక్కజొన్న రవ్వ, తవుడు, నూనెగింజల చెక్క కలిపిన దాణా 100 గ్రాములతో మొదలుపెట్టి, పది రోజుల్లో 250 గ్రాముల దాకా పెంచండి. ఒకేసారి పెంచితే పొట్ట చెడుతుంది. సుబాబుల్ రొట్ట మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు. మాయ పడకపోతే చేత్తో లాగొద్దు, గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. 12 గంటలు చూసి డాక్టరును పిలవండి.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. ఏ మేకను ఉంచుకోవచ్చో, దేన్ని తీసేయాలో అప్పుడు చెబుతాను.