అనంతపురంలో సైకియాట్రీ క్లినిక్ పక్కన మెడికల్ షాపు: డిప్రెషన్ మందుల్లో ఏవి పెట్టాలి?

మీరడిగింది రెండు ముక్కలు. అనంతపురంలో సైకియాట్రీ క్లినిక్ పక్కన షాపు తెరుస్తున్నారు, డిప్రెషన్ మందుల్లో ఏ కంపెనీ సరుకు దింపాలి? అమెరికాలో వస్తున్న కొత్త మందులు ఇక్కడికొస్తే పాత స్టాకంతా నాన్‌మూవింగ్ అయిపోతుందా?

రెండోదానికి జవాబు తేలిక. అవదు. 2018లో లాన్సెట్ పత్రికలో 522 ట్రయల్స్‌ను కలిపి 21 మందుల్ని పోల్చారు. అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే, వాటిలో వాటికి తేడా మాత్రం కొద్దిపాటిదే అని తేలింది. బాగా పనిచేసిన వాటి వరసలో 1961లో అమెరికాలో అనుమతి పొందిన అమిట్రిప్టిలిన్ కూడా ఉంది. అందుకే కంపెనీల పోటీ జబ్బు ఎవరిది ఎక్కువ తగ్గిస్తుందన్న దాని మీద కంటే సైడ్ ఎఫెక్టుల మీదే ఎక్కువగా నడుస్తుంది. నిద్ర పట్టక, తిండి సయించక చిక్కిపోయినవారికి మిర్టాజపిన్ రాస్తారు. బరువు పెరుగుతుందని అదే మందు ఇంకొకరికి మానేస్తారు. లైంగిక ఇబ్బంది తక్కువని వోర్టియోక్సెటిన్, బ్యుప్రోపియాన్ అమ్ముకుంటారు. మొదటిదానికి వికారం ఉంది, రెండోది మూర్ఛ ఉన్నవారికి పనికిరాదు.

కొత్తవాటిని దగ్గర్నుంచి చూస్తే భయం ఇంకా తగ్గుతుంది. 2022 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చిన ఆవెలిటీలో ఉన్నవి రెండూ పాత మందులే: 45 ఎంజీ డెక్స్‌ట్రోమెథార్ఫాన్, 105 ఎంజీ బ్యుప్రోపియాన్. మొదటిది మీరు దగ్గు సిరప్పులో రోజూ అమ్మేదే. దాన్ని లివరు తొందరగా కరిగించెయ్యకుండా బ్యుప్రోపియాన్ అడ్డుపడుతుంది, అదీ కిటుకు. 2023లో వచ్చిన జుర్‌జువే 14 రోజుల కోర్సు, కానీ కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కే. మామూలు డిప్రెషన్‌కు అక్కడ మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. 2019 నాటి ముక్కు స్ప్రే స్ప్రవాటోను డాక్టర్ల ఎదుటే వాడి, కనీసం 2 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. అంటే షాపు కౌంటరు మీద అమ్ముడయ్యే సరుకే కాదు.

అసలు డబ్బు తేడా పేటెంటు పోయినరోజు తెలుస్తుంది. 2001 ఆగస్టులో అమెరికాలో ప్రొజాక్‌కు (ఫ్లుఓక్సెటిన్ అసలు బ్రాండు) జెనరిక్‌లు, అంటే అదే మందు వేరే కంపెనీలు చేసినవి, దిగాయి. 40 ఎంజీ జెనరిక్‌ను మొదటి 180 రోజులు అమ్ముకునే ప్రత్యేక హక్కు దక్కింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌కే. కొద్ది వారాల్లోనే ప్రొజాక్ చీటీల్లో ఎక్కువ భాగం జెనరిక్‌ల వైపు మళ్ళాయి. అందుకే కంపెనీలు పేటెంటు పోకముందే దానికో తమ్ముణ్ణి తయారుచేసి పెట్టుకుంటాయి: సిటాలోప్రామ్ తర్వాత ఎస్సిటాలోప్రామ్, వెన్లాఫాక్సిన్ తర్వాత డెస్‌వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ తర్వాత దాని సీఆర్ (మందు నెమ్మదిగా దిగే బిళ్ళ).

మన దగ్గర 2005 దాకా మందుకు ప్రొడక్టు పేటెంటే లేదు. దాంతో ఒక్కో మందును డజన్లకొద్దీ కంపెనీలు తయారుచేశాయి. మీ వీధిలో పోటీ మందుకూ మందుకూ కాదు, ఒకే మందు తాలూకు బ్రాండుల మధ్య, డాక్టరు పెన్ను కోసం. ఎస్సిటాలోప్రామ్, ఫ్లుఓక్సెటిన్, అమిట్రిప్టిలిన్ కేంద్రం అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి సీలింగు ధర ఉంది; మార్కెట్లో 1 శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండుల సగటు ధరకు రిటైలరు మార్జిన్ 16 శాతం కలిపి లెక్క కడతారు. జాబితాలో లేనివాటికి ఏడాదికి 10 శాతం దాకా ఎమ్మార్పీ పెంచుకోవచ్చు. ఎమ్మార్ (కంపెనీ మెడికల్ రెప్) వచ్చి జాబితాలో లేని డెస్‌వెన్లాఫాక్సిన్ గురించో, ఎస్సిటాలోప్రామ్‌తో మత్తునిచ్చే క్లోనజెపామ్ కలిపిన కాంబినేషన్ గురించో గట్టిగా చెప్తున్నాడంటే వెనక ఈ లెక్క కూడా ఉంటుంది.

కాబట్టి కంపెనీ పేరు మీరు ఎంచుకునేది కాదు, పక్కనున్న డాక్టరు ఎంచుకునేది. మొదటి రెండు వారాలు వచ్చిన ప్రతి చీటీ నుంచి బ్రాండు, ఎంజీ, ఎన్ని రోజులకు రాశారో నోటుబుక్కులో ఎక్కించండి. ఈలోపు ఎస్సిటాలోప్రామ్ 5, 10, 20, సెర్ట్రలిన్ 25, 50, 100, ఫ్లుఓక్సెటిన్ 20, డెస్‌వెన్లాఫాక్సిన్ 50, 100, పారోక్సెటిన్ సీఆర్ 12.5, 25, మిర్టాజపిన్ 7.5, 15, డులోక్సెటిన్ 20, 30, అమిట్రిప్టిలిన్ 10, 25 ఉంటే చాలావరకు గడుస్తుంది. అన్నీ సమానంగా దింపకండి. ఎస్సిటాలోప్రామ్ 5 ఎంజీ సాధారణంగా మొదటి వారం పది రోజులకే, తర్వాత 10 ఎంజీ నెలల తరబడి నడుస్తుంది. రోజుకో బిళ్ళ అంటే మనిషికి నెలకు పది బిళ్ళల స్ట్రిప్పులు మూడు. ఇరవై మంది రెగ్యులర్ ఉంటే 60 స్ట్రిప్పులు, నెలన్నర సరుకుకు 90. వోర్టియోక్సెటిన్‌లాంటివి చీటీ చూశాకే, అదీ రెండు మూడు స్ట్రిప్పులు. పదికి ఒకటి ఫ్రీ అని స్కీము పెట్టారని ఎవరూ రాయని బ్రాండు పెట్టెలకొద్దీ తీసుకుంటే అది ఎక్స్‌పైరీ డబ్బాలోకే పోతుంది.

బ్రాండు లేదని అదే మందు ఇంకో కంపెనీది చేతిలో పెట్టడం అందరూ చేసే పని. కానీ మందుల చట్టం కింద ఉన్న రూల్ 65(11ఎ) ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుకు (చీటీ ఉంటేనే అమ్మాల్సినది) బదులు ఇంకొకటి ఇవ్వకూడదు, అందులో మందు అదే అయినా సరే. పేర్ల దగ్గర ప్రమాదం కూడా ఉంది: నెక్సిటో అంటే ఎస్సిటాలోప్రామ్ ఒక్కటే, నెక్సిటో ప్లస్ అంటే దానికి క్లోనజెపామ్ తోడు. ముసలాయనకు రెండోది పొరపాటున పోతే రాత్రి బాత్రూముకు లేచి తూలి పడతాడు.

స్టాకు లేక మూడు రోజులు గ్యాప్ వస్తే అన్ని మందులూ ఒకేలా ఉండవు. ఫ్లుఓక్సెటిన్ ఒంట్లో వారాలపాటు ఉంటుంది, పెద్దగా తెలీదు. వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ అలా కాదు. ఒకటి రెండు రోజుల్లోనే తల తిరుగుడు, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం మొదలవుతాయి. పేషెంటేమో జబ్బు తిరగబెట్టిందనో, మందుకు అలవాటు పడిపోయాననో అనుకుని మొత్తానికే మానేస్తాడు. ఈ మూడింటికి మాత్రం పది రోజుల సరుకు అదనంగా ఉంచండి. రాయదుర్గం, కళ్యాణదుర్గం నుంచి బస్సులో వచ్చినవాళ్ళను ‘రేపు రా’ అంటే రేపు రారు. బెంగళూరు డాక్టర్ల చీటీలూ మీకు వస్తాయి, అందులో బ్రాండులు మన స్టాకిస్టు దగ్గర ఉండకపోవచ్చు. చీటీ ఫోటో వాట్సాప్‌లో ముందే పంపించమనండి.

స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న అంచును మీ దగ్గరే ఉంచుకుని రెండో అంచు నుంచి కత్తిరించండి, కత్తిరించిన ముక్కకు బిల్లు మీద బ్యాచ్ రాయండి. కట్ చేసిన స్ట్రిప్పును సాధారణంగా వాపసు తీసుకోరు. ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉన్న, మందు నెమ్మదిగా దిగే బిళ్ళలు సగం చేసి అమ్మొద్దు, ఒక్కసారే మందంతా దిగిపోతుంది. 10 ఎంజీ లేదని 20 ఇచ్చి సగం చేసుకోమనడం కూడా డాక్టరుకు ఫోను చేయకుండా వద్దు.

ధర ఎక్కువని అడిగేవాళ్ళుంటారు, పక్కన జనౌషధి ఉంటే మరీను. డాక్టరుతో జెనరిక్ పేరు రాయించుకు రమ్మనండి, అప్పుడు కంపెనీ ఎంపిక మీది. కానీ ఒక పేషెంటుకు ఒక కంపెనీది మొదలుపెట్టాక నెలనెలా అదే ఇవ్వండి. బిళ్ళ రంగు, సైజు మారితే కొందరు పెద్దవాళ్ళు కొత్త మందేమో అనుకుని ఇంట్లో మిగిలినదీ ఇదీ రెండూ వేసుకుంటారు.